మహ్లెత్ వేసిన తాళం

జిమ్మా ఊళ్లో గంటల లెక్క పొద్దుపొడుపుతో మొదలవుతుంది. కాబట్టి పొద్దున రెండు గంటలకి, ఎండ అప్పుడే చురుక్కుమంటుండగా, మహ్లెత్ కాఫీ రైతుల సంఘం ఆఫీసుకొచ్చి కూర్చుంది. ఆనాటి పని ఒక్కటే: నెట్‌వర్క్ స్విచ్‌కి తాళం వేయడం. కంప్యూటర్లన్నిటినీ కలిపే ఆ పెట్టెలోకి పాత పాస్‌వర్డు తెలిసినవాడెవడైనా దూరిపోవచ్చు. మధ్యాహ్నం ఎనిమిదింటికి తనిఖీకి దమ్తె అనే అధికారి వస్తున్నాడు. ఆయన మెచ్చితే ఆర్నెల్లుగా చేస్తున్న తాత్కాలికపు కొలువు ఖాయమవుతుంది. మెచ్చకపోతే ఇంటికే.

పాత దారి మూసేసింది. పాస్‌వర్డుకి బదులు పనిచేసే రహస్య తాళంచెవి ఫైలు తన లాప్‌టాప్‌లో మాత్రమే ఉంచింది. అదీ చాలదన్నట్టు, పనివేళల్లో తప్ప ఎవరినీ రానివ్వొద్దని పెట్టెకు చెప్పింది: రెండు నుంచి పదకొండు వరకు. పరీక్షిస్తే తలుపు సాఫీగా తెరుచుకుంది. సంబరంగా కాఫీకి వెళ్లి, మూడో వాయి కూడా తాగి, అయిదు దాటాక తిరిగొచ్చేసరికి పెట్టె పొమ్మంది.

"గాషే, అయ్యా, నన్నే రానివ్వట్లేదు!" అని మేనేజరు మెంగెషా దగ్గరకి పరిగెత్తింది.

"నిన్నే రానివ్వలేదంటే లోపల ఎవడో ఉన్నాడమ్మాయ్!"

ఆ మాట గుమాస్తా గదికి చేరేసరికి దొంగలు ముగ్గురయ్యారు. గోదాముకి చేరేసరికి నలభై బస్తాలు పోయాయి. హమాలీలు కర్రలు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. పెట్టెకే నేరుగా తీగ తగిలించి సరిచేద్దామంటే ఆ గది తాళంచెవి కాపలాదారు షిఫెరా జేబులో ఉంది. షిఫెరా పొరుగుపేటలో చావు పరామర్శకి వెళ్లాడు. జనం ఏడుస్తున్న చావింటి డేరాలో ఫోను మోగించే ధైర్యం ఎవరికీ లేక, మనిషిని పంపారు.

ఎనిమిదింటికి కొత్త మొహం ఒకటి మెట్లెక్కింది. హమాలీలు కాలరు పట్టుకున్నారు.

"వదలండయ్యా! తనిఖీకొచ్చానయ్యా!"

మెంగెషా నెత్తి బాదుకుంటూ వచ్చి విడిపించాడు. దమ్తె చొక్కా సర్దుకుని, పళ్లు కొరుకుతూ పని మొదలెట్టాడు. పాత పాస్‌వర్డు కొట్టాడు, పాత దారి తట్టాడు, చివరికి మహ్లెత్ లాప్‌టాప్ లాక్కుని ఆమె తాళంచెవితోనే ప్రయత్నించాడు. పెట్టె కదల్లేదు.

"పది ఆఫీసుల్లో చిటికెలో దూరాను. ఇక్కడే ఓడాను!"

"మా పిల్ల మరి!" అన్నాడు మెంగెషా, ఛాతీ విరుచుకుని.

"ఏదమ్మా, నువ్వు తెరువు."

మహ్లెత్ లాప్‌టాప్ ముందుకు లాక్కుంది. దిక్కుతోచక తెర మూల చూస్తే అక్కడ పెట్టె గడియారం పద్నాలుగు చూపిస్తోంది. ఆ పెట్టె పరదేశిది, దాని లెక్క నడిరేయి నుంచి! దాని పదకొండు అంటే మన అయిదు. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

మెంగెషా మొహం వాడిపోయింది.

"పోయిన నెల ఈ లెక్కతోనే నాకు విమానం తప్పిపోయింది. ఇంట్లో చెప్పలేదు" అన్నాడు దమ్తె మెల్లగా.

ఇంతలో షిఫెరా రొప్పుకుంటూ తాళంచెవి తెచ్చాడు. మహ్లెత్ గదిలోకి దూసుకెళ్లి తీగ తగిలించి, పెట్టె లెక్కలో ఎనిమిది నుంచి పదిహేడు అని దిద్దింది. ఆమె తాళంచెవికి తలుపు తెరుచుకుంది. దమ్తె కొట్టిన పాత పాస్‌వర్డుకి మళ్లీ పొమ్మంది. హమాలీలు కర్రలు పైకెత్తి కేకలు పెట్టారు.

"తాళం గట్టిది, మనిషి నిజాయితీది. కొలువు ఖాయం!" అన్నాడు దమ్తె. మహ్లెత్‌కి ఆనందంతో ఏడుపొచ్చింది.

నివేదికలో దమ్తె తనిఖీ జరిగిన వేళ ఎనిమిది గంటలని రాశాడు, ఎవరి ఎనిమిదో రాయలేదు.