పోయింది బావా

ఆ రోజు ఉదయం డైరెక్టరు వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి: కాఫీ తాగడం, సినిమా పంపడం, గడ్డం గీసుకోవడం. ఇంట్లో అందరూ అతన్ని డైరెక్టరుగారనే పిలుస్తారు. అందులో గౌరవం పాలెంతో ఎవరూ కొలిచి చూడలేదు. తొమ్మిదేళ్ళుగా తీసిన సినిమా. ఒక ముసలి లిఫ్టు ఆపరేటరు కథ. సాయంత్రం అయిదింటిలోగా చిత్రోత్సవం వాళ్ళకి చేరాలి. చేరకపోతే, భార్యకిచ్చిన మాట ప్రకారం సినిమాలకు దణ్ణం పెట్టేసి, రేపట్నుంచి ఆవిడ పెదనాన్నగారి సిమెంటు కొట్లో కూర్చోవాలి.

భార్య పొద్దున్నే, తమ దగ్గరే ఉంటున్న తల్లిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళి, అక్కడి నియమం ప్రకారం ఫోను ఆపేసింది. తన కొడుక్కి తెలిస్తే ఊరంతా టముకు వేస్తాడని అత్తగారే ఈ సంగతి దాచమంది.

కాఫీ అయింది. హార్డ్‌డిస్కు తగిలిస్తే కిర్రుమని ఓ మూలుగు మూలిగి ఊరుకుంది. వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, తల అడ్డంగా ఊపాడు. ఇంకో కాపీ ఉండేది. కిందటి నెలే డైరెక్టరు దాన్ని చెరిపి, డబ్బులకి తీసిన ఎవరిదో పెళ్ళి వీడియో ఎక్కించాడు. బతకాలి కదా.

ఇంటికొచ్చి డిస్కును టేబుల్ మీద పెట్టాడు. చూడలేక తువ్వాలు కప్పాడు. సరిగ్గా అప్పుడే బావమరిది ఫోను. తల్లి క్షేమం కోసం ఆయన రోజూ ఫోను చేసి అడిగేది ఒకటే ముక్క.

"ఎలా ఉంది?"

వారం రోజులుగా కనబడ్డవాడికల్లా సినిమా గురించే చెబుతున్న డైరెక్టరుకి ఆ ప్రశ్నకి ఇంకో అర్థం తోచలేదు.

"పోయింది బావా."

అవతల ఏదో కిందపడిన చప్పుడైంది.

"ఎప్పుడు?"

"ఇందాకే, నా కళ్ళముందే. ఓ మూలుగు మూలిగింది, అంతే."

"ఎవరికైనా చూపించావా?"

"చూపించా. తెరిచి చూసినా లాభం లేదన్నాడు."

బావమరిది బావురుమన్నాడు. "నువ్వు ధైర్యంగా ఉండు. అందరికీ నేను చెబుతా."

డైరెక్టరు ఆశ్చర్యపోయాడు. తొమ్మిదేళ్ళలో ఒక్క సీనైనా చూడని మనిషి, సినిమా పోయిందంటే ఇంతలా ఏడ్చాడు!

గంట తిరిగేసరికి పక్కింటి మాస్టారు వచ్చి భుజం నొక్కారు. అత్తగారి చెల్లెలు పూలదండతో దిగింది. సిమెంటు పెదనాన్న కొట్టు మూసేసి, ముంగిట్లో అద్దె కుర్చీలు వేయించాడు. తన సినిమాకి ఇంతమంది ఆత్మీయులున్నారని తెలియక ఇన్నేళ్ళూ అనవసరంగా కుంగిపోయానే అని డైరెక్టరు కుమిలి కుమిలి ఏడ్చాడు.

"అల్లుడంటే ఇలా ఉండాలి," అంది చిన్నత్తగారు. "బాగా చూసుకున్నావు నాయనా."

"ఏం చూసుకున్నానండీ! వేసవంతా అటక మీదే పడేశాను."

చిన్నత్తగారు నోరు నొక్కుకుంది.

"ఎంత నెమ్మది, పాపం," అన్నారు మాస్టారు.

"మరీ నెమ్మదనే అందరూ అనేవాళ్ళు. సగం కోసి పారేయమనేవాళ్ళు. నాకే చేతులు రాలేదు."

మాస్టారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

ఇంతలో బావమరిది పరిగెత్తుకొచ్చాడు. "ఎక్కడ?"

"లోపల, టేబుల్ మీద. తువ్వాలు కప్పాను."

"టేబుల్ మీదా!" అంటూ ఆయన గదిలోకి దూరి, తువ్వాలు తీశాడు. అరచేయంత నల్ల డబ్బా. "అమ్మేది బావా?"

అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. నల్ల కళ్ళద్దాలతో అత్తగారు దిగి, కుర్చీలూ దండా చూసి, "ఎవరే పోయింది?" అని కూతుర్ని అడిగింది.

అసలు సంగతి తేలడానికి పావుగంట పట్టింది.

"హమ్మయ్య, సినిమాయేనా పోయింది!" అన్నారు మాస్టారు. అందరూ పగలబడి నవ్వారు. పెదనాన్న కళ్ళు తుడుచుకుంటూ, "అయితే రేపు తొమ్మిదింటికి కొట్టుకి వచ్చెయ్," అన్నాడు.

డైరెక్టరు నవ్వలేదు. పొద్దుట్నుంచీ ఏడ్చినవాళ్ళలో సినిమా కోసం ఏడ్చింది తనొక్కడే. అది అతనికి సినిమా పోయినదానికన్నా ఎక్కువ బాధ కలిగించింది.

"ఆ లిఫ్టువాడి సినిమాయేనా?" అంది అత్తగారు. "నా టీవీ వెనకాల ఉందిగా. కిందటేడు చూడమని మీరే ఇచ్చారు. రోజూ మధ్యాహ్నం పెట్టుకుంటా, ఇట్టే నిద్ర పట్టేస్తుంది."

డైరెక్టరు ఆవిడ గదిలోకి ఒక్క గెంతు గెంతాడు. పెన్‌డ్రైవు ఉంది. సినిమా కూడా ఉంది, ఆఖరి ఇరవై నిమిషాలు తప్ప. అప్పట్లో చోటు చాలక, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగి దీపం ఆరిపోయేచోట తెగిపోయింది. ముసలాయన బయటపడి సముద్రం చూసే ముగింపు అందులో లేదు. సరైన వెలుతురు కోసం మూడు వానాకాలాలు ఒడ్డున పడిగాపులు పడి తీసిన ముగింపు. సిమెంటు కొట్టు తలుచుకుని, అయిదింటికి పది నిమిషాలుండగా ఆ మొండి సినిమానే పంపేశాడు.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. సినిమా ఎంపికైంది. ముఖ్యంగా ఆ ముగింపు మరపురానిదని, ప్రేక్షకుణ్ణి అలా చీకట్లో వదిలేయడానికి ఎంతో గుండె కావాలని రాశారు.

డైరెక్టరు దాన్ని చావుకబురు చదివినట్టు చదివి వినిపించాడు. సముద్రం సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుంది. "అక్కడిదాకా మేలుకునున్నారంటే గొప్పే, అల్లుడుగారూ."