ఎల్‌ఒకటి మైనస్ ఎల్‌ఒకటి

అక్షరం కింద కుడిపక్కన ఒదిగి కూర్చునే చిన్న అంకె మానవజాతికి చేసిన మేలు, పెద్ద అంకెలన్నీ కలిసినా చేయలేదు! నవ్వకండి. ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో, యూనివర్సిటీలో లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ని. తెలియని విషయం మాట్లాడను. మాట్లాడాల్సి వస్తే బోర్డు వైపు తిరిగి మాట్లాడతాను.

కాగితం మీద ఆ అంకెతో ఏ పేచీ లేదు. మూడు తాళ్లుంటే వాటి పొడవుల్ని ఎల్‌ఒకటి, ఎల్‌రెండు, ఎల్‌మూడు అని రాసుకుంటాం. కానీ అక్షరాలతోనే లెక్కలు చేసిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని టైపు చేయడానికి రెండు దారులున్నాయి. ఒక దారిలో కొడితే ఎల్‌ఒకటి అనేది మొత్తం కలిపి ఒకే పేరు. రెండో దారిలో కొడితే, ఎల్ అనే అలమారాలో మొదటి అర. తెర మీద మాత్రం రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి! తేడా మిషన్‌కు తెలుసు. కానీ మన మొహాన అనదు. ఇంత మర్యాద మనుషుల్లో ఎక్కడుందండీ?

ఆ మర్యాద వల్ల నాకు ఒరిగిందేమిటో వినండి.

మెరిన్ క్విల్టీ అని నా పాత స్నేహితురాలు, ఊరికి తూర్పున అఖాతంలో బుట్టలు వేలాడదీసి ఆల్చిప్పలు పెంచుతుంది. పోయిన చలికాలం తుఫానుకు లంగరు తాళ్లు తెగి సగం బుట్టలు సముద్రం పాలయ్యాయి. మళ్లీ అలా జరిగితే ఇక ఆ పని మానుకోవడమే.

"ఫెర్గస్, ఈసారి తాళ్లు ఎంత పొడవుండాలో లెక్కగట్టి చెబుతావా?" అంది.

"దానిదేముంది, ఎల్లుండికల్లా ఇస్తా!" అన్నాను. చొక్కా గుండీలు బిగుతయ్యాయి.

సమీకరణాలు కొట్టాను. కొన్నిచోట్ల ఒక దారిలో, కొన్నిచోట్ల ఇంకో దారిలో, వేళ్లు ఎటు పోతే అటు. జవాబు చివర ఒక తోక మిగిలింది: ఎల్‌ఒకటి మైనస్ ఎల్‌ఒకటి.

మామూలు మనిషి అయితే సున్నా అని కొట్టేస్తాడు. నేను డాక్టరేట్ ఉన్నవాణ్ని! ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్ దాన్ని సున్నా అనడం లేదంటే లోతైన కారణం ఉండొద్దూ? తడిసిన తాడులోంచి ఆ తాడునే తీసేసినా ఇంకా ఏదో మిగులుతోందన్నమాట! దానికి 'శేష శైథిల్యం' అని పేరు పెట్టాను. డిపార్ట్‌మెంట్‌లో ఉపన్యాసం ఇచ్చాను. వీడియో తీయించి ఇంటర్నెట్‌లో పెట్టించాను.

మా డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేసే ఇంగ్రిడ్ టాల్బట్ టీ గదిలో పట్టుకుంది. "దాంట్లోంచి దాన్నే తీసేస్తే సున్నా కాదూ?"

"పైపైన చూస్తే అలాగే ఉంటుంది."

"లోపల చూస్తే?"

"అదేగా పరిశోధన!"

ఇంతలో నైరుతి నుంచి తుఫాను వస్తోందని హెచ్చరిక. మెరిన్ ఫోన్ చేసింది.

"తాళ్లు ముందేసుకుని కూర్చున్నా. మొదటిది ఎంత కొయ్యమంటావ్?"

"పాతదాని కంటే ఎల్‌ఒకటి మైనస్ ఎల్‌ఒకటి అంత ఎక్కువ."

"అంటే మీటర్లలో?"

"మెరిన్, అది అంత తేలిగ్గా అడిగే ప్రశ్న కాదు."

గాలి హోరును మించి ఆమె గొంతు పెంచింది. "సర్లే. ఆలోచించుకుంటూనే వచ్చి బుట్టలు మొయ్యి. అన్నీ ఒడ్డుకు లాగేస్తున్నాం."

వెళ్లాను. చుట్టుపక్కల వాళ్లంతా వచ్చారు. మొహం మీద సూదుల్లా గుచ్చే వానలో, మోకాళ్ల లోతు చన్నీళ్లలో లాగాం. మెరిన్ ఎవర్నీ తిట్టలేదు, నన్ను కూడా. అదే భరించలేకపోయాను. చివరి బుట్ట ఒడ్డెక్కేసరికి నా నడుము పోయింది.

మర్నాడు అఖాతంలో లంగర్లకు గుర్తుగా కట్టిన బెండ్లు కూడా మిగల్లేదు. ఆల్చిప్పలు మాత్రం షెడ్డులో క్షేమంగా ఉన్నాయి. నేను చెప్పింది ఆమెకు అర్థమై, బుట్టలు నీళ్లలోనే ఉంచి ఉంటే ఏమయ్యేదో!

మంచాన పడ్డ నన్ను చూడ్డానికి ఇంగ్రిడ్ వచ్చింది. నా లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, టీ చల్లారేలోపు విషయం తేల్చేసింది. "ఇవి రెండు వేరువేరు ఎల్‌ఒకట్లు, ఫెర్గస్."

"అయితే ఆ తేడా చూపించకపోవడం సాఫ్ట్‌వేర్ తప్పు!" అని పడుకునే గర్జించాను.

"చూపిస్తుందే! రెండోదాన్ని ఎర్రగా చూపించే సెట్టింగ్ ఉంది. ఎవరో ఆపేశారు."

నేను పైకప్పు వైపు చూశాను. ఆ ఎరుపుతో నా పేజీ బడిపిల్లాడి పరీక్ష పేపరులా కనిపించేది. ఎవరికి మాత్రం బాగుంటుంది?

తోక ఊడింది, అసలు జవాబు వచ్చింది. మెరిన్ ఆ కొలతకే తాళ్లు కోసి కట్టింది. బుట్టలు మళ్లీ నీళ్లలో ఊగుతున్నాయి. మెరిన్‌తో స్నేహమూ దక్కింది.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. పెర్త్ నుంచి ఒక ప్రొఫెసరుగారు మెయిల్ పెట్టారు. నా వీడియో చూశారట. ఎన్నాళ్లుగానో తన లెక్కల్లోనూ అదే తోక వస్తోందట, అదేమిటో ఇప్పుడు తెలిసిందట. "మీ మేధకు జోహార్లు" అని ముగించారు.

ఆయనకు నిజం చెప్పాలి. చెబుతాను. ముందు ఆ ఆఖరి వాక్యం ఇంకోసారి చదువుకోనివ్వండి.