కప్పు వేయకూడని కోట

'గుట్ట గుట్టకో కోట' దర్శన యాత్ర ప్రతిరోజూ ఉదయం పది గంటలకు కరీంనగర్ బస్టాండు ఎదుటి నుంచి బయలుదేరుతుంది. సోమవారం సెలవు. వాహనం ఏడుగురు కూర్చునే ఆటో. పదకొండు మంది కూర్చున్నాకే కదులుతుంది. పిల్లలను ఒళ్ళో పెట్టుకోవాలి. గుట్ట ఎక్కేటప్పుడు ఇంజను మూలిగితే మగవాళ్ళు దిగి నెట్టాలి. ఇది యాత్రలో భాగమేనని, ఇందుకు అదనపు రుసుము లేదని దుర్గ దర్శన మండలి వారు కరపత్రంలో స్పష్టంగా తెలియజేశారు.

ఆటో నడిపేవాడూ, కోటల చరిత్ర చెప్పేవాడూ ఒక్కడే. పేరు కొమురెల్లి. అంతకుముందు ఇదే ఆటోకు మైకు కట్టుకొని ఊరూరా ఉల్లిగడ్డలు అమ్మేవాడు. గైడు ఉద్యోగానికి డిగ్రీలు చదివినవాళ్ళు ముగ్గురు వచ్చారుగాని, సొంత మైకుతో హాజరైనవాడు కొమురెల్లి మాత్రమే.

చూడదగిన కోటలు మూడు. మొదటిది నల్లగుట్ట కోట. కోట ఉన్న గుట్టను గ్రానైటు కోసం కోసి ఓడల్లో ఎక్కించి పంపేశారు కనుక, యాత్రికులు గుంత అంచున నిలబడి కిందికి చూడాలి. ఇప్పుడు ఎంత లోతుందో అప్పుడు అంత ఎత్తుండేదని కొమురెల్లి వివరిస్తాడు. కోటను ఇలా తలకిందులుగా చూపించే సదుపాయం మరెక్కడా లేదు. గుంతలో వాననీళ్ళు నిలిచిన రోజుల్లో కందకం చాలా బాగుందని యాత్రికులు మెచ్చుకుంటారు.

రెండోది హనుమండ్లు మహలు. మస్కట్‌లో ఎనిమిది మందితో ఒకే గదిలో పడుకునే హనుమండ్లు, బోడగుట్టపల్లె శివారు గుట్టమీద పన్నెండు గదులతో దీన్ని కట్టించాడు. నాలుగు మూలలా నాలుగు బురుజులు, గేటుకు అటొక సింహం ఇటొక సింహం, మధ్యలో తాళం. గృహప్రవేశం ఇంకా కాలేదు. సెలవు దొరికిన ఏడాది ముహూర్తం లేదు, ముహూర్తం దొరికిన ఏడాది సెలవు లేదు. లోపల ఎవరుంటారని ఎవరైనా అడిగితే, "రాజుగారు దండయాత్రకు పోయిండు" అంటాడు కొమురెల్లి. ఇందులో అబద్ధమేమీ లేదు.

మూడోదే అసలైనది. యాత్రికులందరూ ఎక్కువసేపు నిలబడేది, ఎక్కువ ఫొటోలు దిగేది అక్కడే. నాలుగు వందల ఏళ్ళనాటి బోడగుట్ట దుర్గం. దీన్ని పోయిన దసరాకు ఐలవ్వ కట్టించింది.

ఐలవ్వ బీడీలు చేస్తుంది. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. గుట్ట మీద ఆమెకు పెంకుటిల్లు ఒకటి ఉండేది. కొత్తగా సర్కారు ఇల్లు మంజూరు కావాలంటే పాతది కూల్చి ఖాళీ జాగా చూపించాలన్నారు కనుక కూల్చి చూపించింది. ఇటుకలు గుట్ట మీదికి మోయించలేక, గ్రానైటు కోసినచోట పారేసిన రాళ్ళ ముక్కలు ఏరుకొచ్చి గోడలు లేపింది. గోడలు లేచాయి. కిటికీలకు సందులు వదిలారు. స్తంభాల్లోంచి ఇనుప చువ్వలు ఆకాశంలోకి పొడుచుకొచ్చాయి. ఇక కప్పు వేయాలి. కప్పు వేయాలంటే గోడల దశ ఫొటో పంపాలి. ఇంటి ముందు యజమానురాలు నిలబడి ఉండగా పంచాయతీ కార్యదర్శి ఆ ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తే, తర్వాతి దశకు అనుమతి వస్తుంది.

కార్యదర్శి నవనీత చాలా కష్టపడే పిల్ల. ఆమె ఫోనులో పద్నాలుగు యాప్‌లు ఉన్నాయి. మొక్కలకొకటి, మరుగుదొడ్లకొకటి, కుక్కలకొకటి, దోమలకొకటి. ఆ ఉదయం ఆమె ఆరు మొక్కల ఫొటోలు, రెండు మురికి కాలువలు ఎక్కించి, గుట్ట ఎక్కి, ఐలవ్వను గోడ ముందు నిలబెట్టి ఫొటో తీసి ఎక్కించింది. వెంటనే తెర మీద పూలు రాలాయి. 'అభినందనలు! మీరొక శిథిల దుర్గాన్ని కనుగొన్నారు' అని వచ్చింది. ముందు రోజే పెట్టుకొమ్మన్న దుర్గ దర్శన మండలి యాప్ అది. రెండు యాప్‌ల బొమ్మలూ ఒకేలా పచ్చగా ఉంటాయి.

నవనీత ఆ రాత్రి అన్నం తినలేదని వాళ్ళమ్మ చెప్పింది. మరుసటి రోజు మండలి కార్యాలయానికి ఫోను చేసింది. ఎక్కించిన కోటను తొలగించే వీలుందని వారు దయతో చెప్పారు. కారణం మాత్రం ఎంచుకోవాలి. కారణాలు మూడున్నాయి: భూకంపం, వరద, శత్రువుల దాడి. పొరపాటు అనేది లేదు. ఏది ఎంచుకున్నా రుజువుగా ఫొటో జతచేయాలి. ఇక ఇళ్ళ యాప్‌లో ఐలవ్వ ఫొటో ఎక్కించబోతే, ఈ స్థలంలో ఇప్పటికే ఒక కోట ఉన్నదనీ, ఒకే జాగాలో రెండు కట్టడాలు ఉండరాదనీ వచ్చింది.

నెల తిరక్కుండా పరిశీలన బృందం దిగింది. గోడలు తట్టి చూసి, ఇంత మోటుగా రాళ్ళు పేర్చే పద్ధతి నాలుగు వందల ఏళ్ళ కిందే అంతరించిందని నిర్ధారించారు. కిటికీ సందులు బాణాలు వేసేందుకన్నారు. మరుగుదొడ్డికి తవ్వించిన గుంత సొరంగమైంది. అది ఎక్కడిదాకా పోతుందని బృందం నాయకుడు అడిగితే, పక్కనున్న కొమురెల్లి ఓరుగల్లు దాకా అన్నాడు. రాసుకున్నారు. పోయేముందు బోర్డు పాతారు: 'ఇది రక్షిత శిథిలం. గోడలపై రాయరాదు, మేకులు కొట్టరాదు, కప్పు వేయరాదు.'

"ఇల్లు ఇల్లు కాకుంటవోయింది పెద్దమ్మా, నా చేతులతోనే అయింది," అంది నవనీత తల వంచుకొని.

"నువ్వేంజేస్తవు బిడ్డ. గా ఫోను చేసింది," అంది ఐలవ్వ. "ఇంతకు నేను గిప్పుడు ఇంటిదాన్నా, రాణినా?"

నవనీత దగ్గర ఆ ప్రశ్నకు యాప్ లేదు.

మండలి వారు మాత్రం ఐలవ్వను చిన్నచూపు చూడలేదు. కోట సంరక్షకురాలిగా గుర్తించి ఖాకీ టోపీ ఇచ్చారు. గోడల నడుమ టార్పాలిన్ కింద కూర్చొని ఆమె చేటలో బీడీల తునికాకు కత్తిరిస్తుంటే యాత్రికులు చుట్టూ చేరేవారు. రాణీవాసంలో పూర్వం చేతిపనులు ఇలాగే జరిగేవని కొమురెల్లి మైకులో చెప్పేవాడు. వంటపొయ్యిని ఆయుధాగారం అనేవాడు. నీలం టార్పాలిన్ ఫొటోలో బాగా రావడం లేదని ఒకరిద్దరు అంటే ఐలవ్వ లేచి దాన్ని చుట్టి పక్కన పెట్టేది, వాళ్ళు పోయాక మళ్ళీ కట్టుకునేది.

ఊరు బాగుపడింది. గుట్ట కింద చాయ్ హోటలు వెలిసింది. చెరుకు రసం బండి వచ్చింది. ఐలవ్వతోపాటు ఇరవై ఏళ్ళు బీడీలు చేసిన బాలలక్ష్మి, నడుము నొప్పితో ఆ పని మానేసి ఉడకబెట్టిన మక్క కంకుల గంప పెట్టుకుంది. మాజీ సర్పంచ్ రాంచందర్ తన రెండంతస్తుల ఇంటి ముందు జాగాలో బండ్లు నిలపనిచ్చి ఊరికి సేవ చేయసాగాడు. ఊళ్ళో అందరికీ కోట అన్నం పెట్టింది. కోటలో ఉండే ఆమెకు మాత్రం అన్నంలో చినుకులు పడే కాలం దగ్గరపడింది.

అప్పుడు శ్రీరాంపూర్ నుంచి ఫోను వచ్చింది. ఐలవ్వ ఒక్కగానొక్క బిడ్డ నిఖితను అక్కడి బొగ్గుగనిలో పనిచేసే అబ్బాయికి ఇచ్చారు. నిఖితకు ఏడో నెల. తొలి కాన్పుకు తల్లిగారింటికి తోలుకరావాలి. ఇది మాత్రం ఏ యాప్‌లోనూ ఎక్కించకుండానే అందరికీ గుర్తుండే నియమం. ఫోను చేసింది వియ్యపురాలు తారాబాయి.

"మీరు ఇప్పుడు కోటలుంటున్నరట గద వదినె, టీవీల చూసినం. మంచిగనిపించింది," అంది తారాబాయి. "మాది కంపెనీ క్వార్టరు, రెండే అర్రలు. కాని పైన స్లాబున్నది. మీ కోటల పిల్లకు వానకు తడువకుంట పండుకునే తావున్నదా? ఉన్నదంటే తోలిస్త. లేదంటే ఈన్నే కానిస్తం, మీరే వచ్చి చూసిపోదురు."

"ఉంటది వదినె. ఎందుకుండది," అంది ఐలవ్వ.

ఫోను పెట్టేసి గోడల మధ్య నిలబడి పైకి చూసింది. పైన మబ్బులున్నాయి.

మొదట మర్యాదగా ప్రయత్నించింది. పక్క గుట్ట మీద పన్నెండు గదులు తాళం వేసి ఉన్నాయి కదా, ఒక్క గది మూడు నెలలు ఇమ్మని మస్కట్‌కు ఫోను చేయించింది. హనుమండ్లు మంచివాడు, కాదనలేక ఇబ్బంది పడ్డాడు. గృహప్రవేశం కాని ఇంట్లో ముందుగా పురుడు మైల ఎట్లా అని వాళ్ళావిడ అంటోందన్నాడు. ఆవిడ కూడా ఆ మహల్లో ఎన్నడూ పడుకోలేదు. మహలు పాడవుతుందని కింద రేకుల ఇంట్లోనే ఉంటుంది.

ఇక ఐలవ్వ ఒక సోమవారం చూసుకుంది. యాత్రకు సెలవు. మేస్త్రి పోశంను పిలిచి, పొద్దు పొడవకముందే కప్పు కోసం చెక్కలు, కట్టెలు గుట్ట ఎక్కించి గోడల మీద పరిపించింది. పది గంటలకల్లా ఊరంతా గుట్ట ఎక్కింది. ఆ గుట్ట ఎక్కడానికి ఎన్నడూ రానివాళ్ళు కూడా వచ్చారు. రాంచందర్ ఆయాసం తీర్చుకొని, ఒక రాయి మీద నిలబడి ప్రసంగించాడు.

"గ్రామ ప్రజలారా. మన బోడగుట్టపల్లెను ఇన్నేండ్ల సంది ఎవడన్న చూసిండా? కలెక్టరు రాలే, బస్సు రాలే. ఇయ్యాల హైద్రాబాద్ నుంచి కార్లేసుకొని వస్తున్నరంటే అది ఎవరి గొప్పతనం? ఐలవ్వ ఇంటికి కప్పు లేకపోవుడు గొప్పతనం. కప్పు అందరికున్నది. కప్పు లేకపోవుడు మన మండలంల ఒక్క ఐలవ్వకే దక్కింది. గిసొంటి ఆస్తిని చేతులార పాడుచేసుకుంటమా?"

చప్పట్లు మోగాయి. ఐలవ్వ కొంగు నడుముకు చెక్కుకొని ముందుకొచ్చింది.

"గంత గొప్పదైతే నీ ఇంటిది తియ్యరాదు రాంచందరూ? నీది రెండంతస్తులు. మీదిది తీసినా కిందిది ఉండనే ఉంటది."

రాంచందర్ ఈ ప్రతిపాదనను కోపగించుకోకుండా ఆలోచించాడు. తన ఇంటికి అంత వయసు లేదన్నాడు.

"నేను పోయిన దసరాకు కట్టిన."

"గది నీకెరుక, నాకెరుక. మైకున్నోని ముంగట అనకు."

నవ్వులు వచ్చాయి. ఐలవ్వ నవ్వలేదు. పోశంను పని ఆపొద్దంది. రాంచందర్ మాటకు ఆమె ఆగేది కాదు. బోర్డుకూ ఆగేది కాదు, దాని మీద ఉదయాన్నే టోపీ తగిలించింది. కాని గుంపులోంచి బాలలక్ష్మి వచ్చి పక్కన నిలబడి, ఎవరికీ వినిపించకుండా అంది:

"కప్పు పడ్డంక వీళ్ళు ఎందుకొస్తరే అక్కా? నేను మళ్ళ చేట పట్టుకొని కూసోలేనే. గీ ఒక్క సీజను ఆగరాదు."

ఐలవ్వ ఆమె నడుము వైపు చూసింది. ఆ నడుము వంగింది తన పక్కన కూర్చునే. పోశంతో చెక్కలు దించమంది. పోశం దించేటప్పుడు ఊరివాళ్ళు ఎంతో ఉత్సాహంగా సాయం చేశారు. మోసుకొచ్చేటప్పుడు ఒక్కరూ కనిపించలేదు.

ఆమె త్యాగానికి మండలి కదిలిపోయింది. శిథిలానికి కప్పు వేయడం నిబంధనలకు విరుద్ధమేగాని, శిథిలాన్ని చూడవచ్చినవారికి కప్పు వేయడానికి అడ్డేమీ లేదని కనుక్కున్నారు. పద్నాలుగు రోజుల్లో ఐలవ్వ గోడలకు పది అడుగుల దూరంలో యాత్రికుల విశ్రాంతి మందిరం లేచింది. గట్టి స్లాబు, రెండు ఫ్యాన్లు, నల్లా, నేలకు టైల్స్. 'యాత్రికులకు మాత్రమే' అని తలుపు మీద రాశారు.

కనుక నిఖిత తల్లిగారింటికి యాత్రికురాలిగా వచ్చింది. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. నాలుగో రోజు తల్లీబిడ్డలను కొమురెల్లి ఆటోలోనే గుట్టకు తెచ్చారు. దారి మార్చే అధికారం కొమురెల్లికి లేనందున బాలింత కూడా ముందు గుంతను, తర్వాత మహలును చూసే రావలసి వచ్చింది. మహలు దగ్గర పసిపిల్ల ఏడిస్తే, బురుజుల చరిత్రను కొమురెల్లి మైకు లేకుండా చెప్పాడు.

విశ్రాంతి మందిరంలో ఒక మూల చీర అడ్డం కట్టి మంచం వేశారు. యాత్రికులు కానివారు అందులో ఉండకూడదు గనుక నవనీత రోజూ పొద్దున్నే గుట్ట ఎక్కి, సందర్శకుల పుస్తకంలో తన చేత్తోనే రాసేది: 'నిఖిత, శ్రీరాంపూర్, ఇద్దరు.' అభిప్రాయం అనే గడిలో 'బాగుంది' అని రాసేది. ఆమె ఎక్కించినవాటిలో ఎవరూ తప్పు పట్టనిది ఇదొక్కటే. అల్లుడు వచ్చి చూసుకొని, పైన స్లాబును చేత్తో తట్టి, తల్లికి చెప్తానని పోయాడు. తారాబాయి మళ్ళీ ఫోను చేయలేదు. ఐలవ్వ తాను మాత్రం పది అడుగుల అవతల టార్పాలిన్ కిందే పడుకునేది. సంరక్షకురాలు యాత్రికురాలు కాజాలదు.

ఆషాఢంలో ఒక ఆదివారం పెద్ద వాన పడింది. పదకొండు మంది యాత్రికులు పరుగెత్తుకొచ్చి విశ్రాంతి మందిరంలో దూరారు. వారిలో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మనసున్నవాడు. తడిసి ముద్దయి ఆకుచేటను కడుపులో దాచుకొని గుమ్మం బయట నిలబడ్డ ఐలవ్వను చూశాడు. చీర చాటున ఏడుస్తున్న పసిపిల్లనూ చూశాడు. చలించిపోయాడు. అపార్టుమెంటుల్లో ఉండే మనలాంటివాళ్ళం ఎవరమైనా చలించిపోతాం.

ఆ రాత్రే ఆయన మండలికి రాశాడు. ఇంతటి చారిత్రక కట్టడం పక్కనే ఇంత దారిద్ర్యమా అన్నాడు. యాత్రికుల షెడ్డులో ఎవరో నిరుపేదలు సంసారం పెట్టుకొని బతుకుతున్నారని, ఇలాంటివారికి ప్రభుత్వం ఒక ఇల్లు మంజూరు చేయకూడదా అని నిలదీశాడు. ఆయన ఉత్తరాన్ని నూట ఎనభై మంది పంచుకున్నారు. కొందరు కన్నీళ్ళు పెట్టుకుంటున్న బొమ్మలు కూడా పంపారు.

వారంలో జవాబు వచ్చింది. 'సదరు కుటుంబానికి ఇల్లు ఇదివరకే మంజూరైనది. ప్రస్తుతం గోడల దశలో ఉన్నది. మీ సామాజిక బాధ్యతకు ధన్యవాదాలు.'

పెద్దమనిషికి ఎంతో తృప్తి కలిగింది. తన ఒక్క ఉత్తరంతో ఒక పేదరాలి ఇల్లు గోడల దాకా లేచిందని స్నేహితులకు చెప్పుకున్నాడు. ఆ సంతోషంలో యాత్రకు అయిదు నక్షత్రాలు ఇద్దామనుకొని, ఒకటి తగ్గించి నాలుగే ఇచ్చాడు. అంత అందమైన కోటగోడ మీద ఎవరో పసిపిల్ల బట్టలు ఆరేశారట.