ఫాదర్ గారి తల్లికి కాస్త నలత

ఆ రోజు పొద్దున ఆశీర్వాదం వేసుకున్న పథకంలో చావు లేదు. ఫాదర్ కజిమీర్‌ని గదినుంచి వెంటబెట్టుకు రావాలి, కాఫీ ఇప్పించి హాల్లో కూర్చోబెట్టాలి, చివర్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాలి. అంతే.

సత్తెనపల్లి లూథరన్ పాస్టరు గారి అబ్బాయి ఆశీర్వాదం. జెర్సీ సిటీలోని ఒక దైవశాస్త్ర కళాశాల లైబ్రరీలో తాత్కాలిక ఉద్యోగి. ఫాదర్ కజిమీరేమో పోలండ్ నుంచి ఒక సెమిస్టరు పాఠాలు చెప్పడానికని కిందటేడు వచ్చిన బైబిల్ పండితుడు. ఆయన ఇలా వచ్చాడో లేదో అక్కడ సైనిక పాలన వచ్చి పడింది. తిరిగి వెళ్లే దారి లేక, ముసలి తల్లిని తలుచుకుంటూ ఇక్కడే చిక్కుకుపోయాడు. ఇవాళ ఆయన "పోలండ్‌లో బైబిల్ పాండిత్యం: నేటి స్థితి" అనే విషయం మీద మాట్లాడాలి. వినడానికి సాసేజీల ఫ్యాక్టరీ నడిపే పోలిష్ పెద్దమనిషి ఒకాయన వస్తున్నాడు. ఆయన మనసు కరిగితే లైబ్రరీకి పోలిష్ విభాగం వస్తుంది, ఆ విభాగంలో ఆశీర్వాదానికి పర్మనెంట్ ఉద్యోగం వస్తుంది, దాని వెనకాలే గ్రీన్ కార్డు వస్తుంది. డీన్ స్వయంగా మాటిచ్చారు. వీసా గడువు ముంచుకొస్తున్నా ఆశీర్వాదం భార్య సుగుణ కొత్త కర్టెన్లు చూసి వచ్చిందంటే ఆ మాట మీదున్న ధైర్యమే.

ఫాదర్ గదిలో ఫోను లేదు. ఆయన కబుర్లన్నీ లైబ్రరీకే వస్తాయి. ఆ పొద్దున ఊళ్లోని పోలిష్ చర్చిలో వంట చేసే యాద్విగ అనే ఆవిడ ఫోన్ చేసింది.

"ఫాదర్ గారి చెల్లెలు పోలండ్‌లో వాళ్ల ఊరు తార్నుఫ్ నుంచి మాట్లాడింది. వాళ్లమ్మకి కాస్త నలతగా ఉందట. కంగారు పడాల్సిందేమీ లేదంది. ఉపన్యాసం అయ్యాక తీరిగ్గా చెప్పమంది."

ఆశీర్వాదం కుర్చీలో కూలబడ్డాడు. సత్తెనపల్లిలో చావు కబురుని చావు కబురులా చెప్పే మనిషి ఇంతవరకూ పుట్టలేదు. సీరియస్‌గా ఉంది వెంటనే బయల్దేరమంటే మనిషి పోయినట్టు. కాస్త నలత, కంగారు వద్దు అన్నారంటే పోయి చాలాసేపయినట్టు. మేనమామకి ఒళ్లు వెచ్చబడిందని విని ఆశీర్వాదం రైలెక్కి దిగేసరికి అక్కడ శవపేటికకి మేకులు కూడా కొట్టేశారు. ఇక తీరిగ్గా చెప్పమన్నారంటే అనుమానించడానికేముంది?

వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"అయ్యో పాపం," అంది సుగుణ. "ముందు ఆయనచేత ఏదైనా తినిపించండి. తెలిశాక ముద్ద దిగదు. ఆయనకి మాత్రం చెప్పకండి. మిగతావాళ్లకి చెప్పి ఉంచండి, పక్కన మనుషులుండాలి."

మనవైపు పద్ధతి అదే. కాబట్టి ఆశీర్వాదం ఫాదర్‌ని క్యాంటీన్‌కి తీసుకెళ్లి డోనట్ పెట్టించాడు. ఆయన చాలన్నా వినకుండా ఇంకోటి, ఆ తర్వాత గుడ్లు, రొట్టె. ఉపన్యాసం అంత పొడుగు లేదని ఫాదర్ మొత్తుకున్నాడు. ఆయన తింటున్నంతసేపూ ఆశీర్వాదం వీపు నిమురుతూనే ఉన్నాడు.

తర్వాత డీన్ సెక్రటరీ డోరిస్‌కి, ఎవరికీ చెప్పొద్దని చెప్పి మరీ, సంగతి చెప్పాడు. డోరిస్ నోట్లో నువ్వుగింజ నానదు. డీన్ ఆశీర్వాదాన్ని పిలిపించి, తల్లి పోయిందని చెల్లెలే చెప్పిందా అని అడిగారు. చెప్పినట్టేనండీ అన్నాడు ఆశీర్వాదం. అతని లెక్కలో అది నిజమే.

హాల్లోకి అడుగుపెట్టిన ఫాదర్‌కి అంతా నల్లకోట్లే కనిపించాయి. మైకు పక్కన తెల్లపూలు. ప్రొఫెసర్లు ఒక్కొక్కరే వచ్చి ఆయన చేతులు పట్టుకుని వదల్లేకపోయారు. సాసేజీల పెద్దమనిషి ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. అమెరికాలో పండితులకి ఇంత గౌరవమా అని ఫాదర్ తబ్బిబ్బయ్యాడు. డీన్ అందరినీ లేచి నిలబడమంటే ఆయనా లేచి తల వంచుకున్నాడు.

"ఈ ఉదయం ప్రభువు సన్నిధికి చేరిన ఫాదర్ గారి తల్లి జ్ఞాపకార్థం ఒక నిమిషం మౌనం పాటిద్దాం," అన్నారు డీన్.

ఫాదర్ తల ఎత్తలేదు. బల్ల పట్టుకున్నాడు. ఎవరు చెప్పారని ఫాదర్ సన్నగా అడిగితే, హాలు మొత్తం ఆశీర్వాదం వైపు తిరిగింది. యాద్విగ చెప్పింది చెప్పినట్టు అప్పుడు బయటికొచ్చింది. నలత అంటే చావా అని డీన్ రెండుసార్లు అడిగారు. మా వైపు అంతేనండీ అంటే ఆయనకి ఎక్కలేదు.

డీన్ గదినుంచి తార్నుఫ్‌కి కాల్ బుక్ చేశారు. చాలాసేపటికి గానీ లైను కలవలేదు. కలిశాక, ఈ సంభాషణని ప్రభుత్వం వింటోందని ముందుగా ఒక రికార్డు గొంతు చెప్పిందట. ఆ తర్వాతే చెల్లెలు. ఫాదర్ తిరిగొచ్చి మైకు ముందు నిలబడి నవ్వాడు.

"అమ్మకి జ్వరం. నిద్రపోతోందట. నన్ను మా చెల్లెలు బాగా తిట్టింది."

హాలు గొల్లున నవ్వింది. సాసేజీల పెద్దమనిషి అవే కన్నీళ్లతో పొట్ట పట్టుకుని నవ్వాడు. ఫాదర్ అదే ఊపులో ఉపన్యాసం అందుకున్నాడు. తమ దేశంలో ప్రభుత్వం కాగితం కోటా ఇస్తేనే పుస్తకాల అచ్చు అనీ, బయటినుంచి ఒక వ్యాఖ్యానం వస్తే పదిమంది పండితులు వంతులేసుకుని చేత్తో రాసుకుంటారనీ చెప్పాడు. నిర్గమకాండం మీద తను రాసిన వ్యాసం చూసి సెన్సారు అధికారి, ఇందులో జనాన్ని బానిసలుగా పెట్టుకున్న ఫరో రాజు అంటే ఎవరని నిలదీశాడట. ఆ వ్యాసానికి నకళ్లు రాసిచ్చిన మిత్రుడొకడు ఇంకా జైల్లోనే ఉన్నాడట. నవ్వుతూనే వింటున్న హాలు ఎక్కడో నవ్వడం మానేసింది. పోలిష్ విభాగానికి పెద్దమనిషి అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు.

డీన్ ఆశీర్వాదాన్ని పక్కకి పిలిచారు. "విభాగం వచ్చింది. కానీ దానికి విన్నది విన్నట్టు చెప్పే మనిషి కావాలి. మీరు ఈ నెలాఖరుదాకా ఉండనక్కర్లేదు."

సుగుణకి ఏం చెప్పాలో తెలీక ఆశీర్వాదం తన బల్ల సర్దుకుంటూ ఉంటే ఫాదర్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నీకెలా తెలిసింది?" అన్నాడు.

ఆశీర్వాదం చేతిలో పుస్తకం బల్ల మీద పెట్టాడు.

"అమ్మని లేపమన్నాను. లేపనంది. భోంచేశావా అంది. నీ పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగింది. మా ఊళ్లో కూడా అలాగే చెప్తారు."

ఆశీర్వాదానికి ఏడుపు ఆగలేదు. ఎవరి తల్లికోసమో, దేనికోసమో అతనికే తెలీదు. "మరి అందరి ముందూ ఎందుకు నవ్వారు ఫాదర్?"

"జైల్లో ఉన్నవాళ్ల గురించి చెప్పడానికి నాకు దొరికిన రోజు అదొక్కటే. ఏడిస్తే నన్ను ఓదార్చి ఇంటికెళ్లిపోయేవాళ్లు." ఆయన ముక్కు తుడుచుకున్నాడు. "డీన్‌తో చెప్తాను పద. నువ్వన్నది నిజమేనని చెప్తే నీ ఉద్యోగం నీకుంటుంది."

ఆశీర్వాదానికి ఆ ఉద్యోగం కావాలి. చాలా కావాలి. కానీ డీన్‌కి చెబితే డోరిస్‌కి తెలుస్తుంది, మళ్లీ అందరూ ఈయన్ని లేపి నిలబెడతారు.

"వద్దు ఫాదర్," అన్నాడు. "మీకింకా ఎవరూ చెప్పలేదు కదా."

ఆ వారంలోనే తార్నుఫ్ నుంచి టెలిగ్రాం వచ్చింది. పోలిష్ విభాగానికని ఆశీర్వాదం బల్ల దగ్గర అప్పటికే కూర్చోబెట్టిన కుర్రాడు విన్నది విన్నట్టు చెప్పే మనిషి. ఫాదర్ కోటు విప్పకముందే, లైబ్రరీ మెట్ల మీదే చెప్పేశాడట.