బీరువాలో ఒరిజినల్స్

ఒక పెద్ద అడవిలో... అని మొదలెట్టగానే "మళ్ళీ నక్కేనా?" అంటుంది మా ఆవిడ. మళ్ళీ నక్కే. నాకు చదువు అబ్బలేదు గనక చదువు అప్పూ అంటలేదు. ఈ కథ చెప్పడానికి నాకున్న అర్హత అదొక్కటే.

ఆ అడవిలో ముత్యాలు అనే ముంగిస పిల్ల నర్సింగు పాసైంది. పాముకాటు వైద్యంలో దిట్ట. ఆ చదువు కోసం తల్లి తానుండే బొరియ తాకట్టు పెట్టి, నక్క జంబుకేశ్వరరావు దగ్గర రెండొందల గుడ్లు అప్పు తెచ్చింది. కాలేజీ కూడా ఆయనదే. వానలు పడేలోగా తీర్చకపోతే బొరియా ఆయనదే.

ఉద్యోగాలు రెండొచ్చాయి. మెట్ట మీద తాబేలు డాక్టరమ్మ దగ్గర నెలకి పన్నెండు గుడ్లు. ఏటి ఒడ్డున సింహం బొమ్మ పెట్టిన పెద్దాసుపత్రిలో నలభై.

"ఇంకా ఆలోచిస్తావేంటే? ఐదు నెలల్లో బొరియ మనదైపోద్ది" అంది తల్లి.

"తాబేలమ్మ పని బాగా నేర్పుద్దంటమ్మా."

"పని వండుకు తింటామా?"

ముత్యాలు ఏటి ఒడ్డుకే వెళ్ళింది. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఇనప బీరువాలో పెట్టారు. లోపల తాచుపాము కాపలా. చెయ్యి పెట్టింది ఎవరైనా సరే, కాటెయ్యమని జంబుకేశ్వరరావు ఆర్డరు. అవును, ఆసుపత్రీ ఆయనదే. సింహానిది బొమ్మ వరకే.

ముంగిసకి పామొక లెక్కా అంటారా? బీరువా తాళంచెవి నక్క మొలతాడుకుంది.

నెల తిరిగింది. యూనిఫాం కోత, హాస్టల్ కోత, క్యాంటీన్ కోత పోగా చేతికి ఆరు గుడ్లు.

"ఒంటినిండా బొచ్చుంటే యూనిఫాం ఎందుకు సార్?"

"బొచ్చు నీది తల్లీ. యూనిఫాం సంస్థది."

"మానేస్తాను. నా ఒరిజినల్స్ ఇచ్చెయ్యండి."

"అప్పు తీర్చి పట్టుకెళ్ళు."

"ఈ ఆరు గుడ్లతోనా?"

"నాకేం తొందర లేదమ్మా" అన్నాడు నక్క, మబ్బుల వైపు చూస్తూ.

తొలకరి ఇక రేపోమాపో అనగా ఏనుగు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చాడు. "మీ నర్సుల సర్టిఫికెట్లు చూపించండి" అన్నాడు. జంబుకేశ్వరరావు గొప్పగా బీరువా తెరిచి తానే చెయ్యి పెట్టాడు.

తాచు నమ్మకమైన ఉద్యోగి. ఆర్డరు ప్రకారం కాటేసింది.

"ముత్యాలూ! సూదీ!"

ఏనుగు తొండం అడ్డం పెట్టాడు. "సర్టిఫికెట్ చేతిలో లేని నర్సు పేషెంటుని ముట్టుకోకూడదు. రూలు."

"బీరువాలోనే ఉంది, తీస్కోవే!"

తాచు పక్కకి జరిగింది. "తీస్కో అక్కా. నాకూ మూడు నెలలుగా జీతం లేదు."

"సార్, దీని కింద మా అమ్మ బొరియ కాయితం కూడా ఉంది."

"ఏదైనా తీస్కో! ముందు సూది!"

"మీ మాట మీద నాకు నమ్మకమే సార్. అప్పు చెల్లిందని ఇక్కడో సంతకం పెట్టండి, చాలు."

నక్క నురగలు కక్కుతూనే గుండ్రంగా సంతకం పెట్టాడు. ముత్యాలు సూది వేసింది. వెనకాల మిగతా నర్సులు వరసకట్టి ఎవరివి వాళ్ళు తీసేసుకున్నారు.

వానలు మొదలయ్యాక కట్టు మార్పించుకోడానికి నక్క కాటుపడ్డ చెయ్యి పట్టుకుని తాబేలమ్మ మెట్ట ఎక్కాడు. పెద్దాసుపత్రిలో ఇప్పుడు సింహం బొమ్మ తప్ప ఎవరూ లేరు మరి.

"ఇక్కడ జీతమెంతిస్తున్నారమ్మాయ్?" అని ముత్యాలుని అడిగాడు చిన్న గొంతుతో.

"పన్నెండు సార్. పన్నెండూ చేతికే."

నీతి: అప్పిచ్చినవాడి ప్రాణం తప్పకుండా కాపాడాలి, సంతకం అయ్యాక.