ఎదురు కొట్టు ఆక్సిజన్

ఆ ఉదయం లీవెన్ తలపెట్టింది చిన్న పనే. కాఫీ తాగి, చౌరస్తా దాటి, తన మందుల కొట్టుకు ఎదురు కొట్టు ఓడిలోన్‌తో ఒక్క మాట మాట్లాడి రావాలి. ఇరవై రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు తగ్గింపు ధర రాసి అద్దానికి అంటిస్తే, రెండోవారు ఇంకా తగ్గించి అంటించేవారు, అంతే. కానీ ఇప్పుడు మహమ్మారి వచ్చిపడింది. ఇంటింటా దగ్గు. రెండు కొట్లలో కలిపి ఉన్నవి పద్నాలుగు ఆక్సిజన్ సిలిండర్లు.

"నదికి ఇటు ఇళ్లకు నేను సిలిండర్లు చేరుస్తాను, అటు ఆయన. సిలిండరు అద్దె ఇద్దరిదీ ఒకటే. జనం రెండు కొట్ల చుట్టూ తిరగక్కర్లేదు," అన్నాడు భార్యతో.

గోడెలీవ్ రొట్టెకు వెన్న రాయడం ఆపింది. "ఊరు పంచుకోవడం, ధర కూడబలుక్కోవడం! పోటీ చట్టం ఊరుకుంటుందా? కొట్టు మూయిస్తారు. ముందు అనుమతి అడుగు."

లీవెన్ బుద్ధిమంతుడు గనక అడిగాడు. రాజధానిలోని పోటీ చట్టం కార్యాలయానికి ఉత్తరం రాశాడు. తొందరలో 'పంచుకుందామనుకుంటున్నాం' అనాల్సిన చోట 'పంచుకున్నాం' అని పడింది.

మూడో రోజుకల్లా జవాబొచ్చింది. నేరం ముందుగా ఒప్పుకున్నందుకు ఆయనకు జరిమానా ఉండదు. రెండో వ్యక్తికి ఉంటుంది. విచారణ ముగిసేదాకా ఇద్దరూ మాట్లాడుకోరాదు.

లీవెన్ కార్యాలయానికి వెంటనే ఫోన్ చేశాడు. "అమ్మా, నేను ఒప్పుకోలేదు, అడిగాను!"

"ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటే జరిమానా ఇద్దరికీ పడుతుందండీ," అంది ఆ అధికారిణి ఓపిగ్గా.

"అసలాయనతో నేను మాట్లాడనే లేదు!"

"మంచిది. ఇకముందూ మాట్లాడకండి."

ఓడిలోన్‌కూ ఉత్తరం అందింది. మధ్యాహ్నానికి ఆయన అద్దం మీద పెద్దక్షరాలు: 'ఎదురు కొట్టువాడు చాడీకోరు.' ఊరు నమ్మేసింది. లీవెన్ గడప తొక్కేవాళ్లు లేరు. ఆయన సిలిండర్లు నిండుగా మూలన పడి ఉంటే, ఓడిలోన్‌వి ఒక్కొక్కటే ఖాళీ అయిపోయాయి.

వారం తిరక్కుండానే గోడెలీవ్ కబురు మోసుకొచ్చింది. "ఆఖరిది నిన్న ఎవరికో ఇచ్చేశాడట. ఇప్పుడు ఆయనకే ఊపిరాడడం లేదు."

లీవెన్ చట్టం సంగతి మరిచాడు. పట్టపగలు, ఊరంతా కిటికీల్లోంచి చూస్తుండగా, సిలిండర్‌ను తోపుడు బండి మీద చౌరస్తా దాటించాడు.

"జరిమానా... పట్టుకొచ్చావా?" మంచం మీంచి రొప్పుతూ అడిగాడు ఓడిలోన్.

"నోరు మూసుకుని పీల్చు, ముసలాయనా."

కాసేపటికి ఆయన మాస్కు పక్కకు జరిపాడు. "అసలు నన్నేం అడుగుదామనుకున్నావు?"

"నదికి ఇటు నేను, అటు నువ్వు అని."

"అటంతా ఎత్తు. నా మోకాళ్లు సైకిలు తొక్కలేవు. అటు నువ్వే తీసుకో."

"సరే."

"ఇంతేనా? ఈపాటి దానికి రాజధానిదాకా రాశావా, వెర్రివాడా!" అని నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

మర్నాడు అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వలేదు. ఆరో రోజున ఓడిలోన్ పోయాడు. సమాధి దగ్గర లీవెన్‌ను దూరంగా నిలబడమన్నారు. మొదట్నుంచీ దూరంగానే ఉన్నానుగా అనుకుని, ఆయన అక్కడే తలవంచుకుని ఏడ్చాడు.

జూన్‌లో కార్యాలయం నుంచి ఉత్తరమొచ్చింది. తప్పేమీ దొరకలేదట. ఇద్దరూ నిరభ్యంతరంగా సహకరించుకోవచ్చట. కింద ఒక షరతు: ఊళ్లో పోటీదారుల సంఖ్య మారితే పదిహేను రోజుల్లో తెలియజేయాలి.

ఓడిలోన్ పోయిన రోజు నుంచి లెక్కేస్తే, ఆ గడువు దాటి అప్పటికే నెలయింది.