కంట్రోలు పిన్ని

క్యాన్సర్‌ను ఈ దేశం నుంచి తరిమెయ్యడానికి కావలసినవి మూడే: ఒక ఎంజైము, ఒక ఫ్రీజరు, ఆ రెండింటినీ పర్యవేక్షించడానికి ఒక ఉపసంఘం. మొదటి రెండూ పాడైపోయినా పని ఆగదు. ఉపసంఘం కూర్చోకపోతే మాత్రం సైన్సు ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది.

ఈ సత్యం డాక్టర్ ఉదయశంకర్‌కి పలాసలో బోధపడింది. ఆయన మందులిచ్చే డాక్టరు కాడు, ఎంజైముల మీద పీహెచ్‌డీ చేసిన డాక్టరు. (ఈ తేడాని మేడమెట్లు ఎక్కి వచ్చిన ప్రతివారికీ మొదట్లో ఓపిగ్గా వివరించేవాడు. తర్వాత విసుగొచ్చి, నీళ్ళు బాగా తాగమని చెప్పి పంపెయ్యడం మొదలుపెట్టాడు. చాలామందికి తగ్గింది కూడా.) రెండువేల మూడులో విశాఖపట్నంలోని ఒక పరిశోధనాలయం ఆయన్ని ఇక్కడికి పంపి, ఒక జీడిపప్పు వ్యాపారి ఇంటి మేడమీద రెండు గదులు అద్దెకి తీసుకుని, ‘నోటి కణజాల క్షేత్ర పరిశోధనా ఉపకేంద్రం’ అని బోర్డు పెట్టించింది.

ఉద్దానం తీరంలో చాలామంది ఆడవాళ్ళు చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, చేపలు తరగడానికి చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. సౌకర్యమే. నష్టమల్లా అంగిలికి. ఏళ్ళ తరబడి కాలిన చోట క్యాన్సర్ పుడుతుంది. మన ఒంట్లో కణాలను పట్టి ఉంచే అల్లిక ఒకటుంది, చేపల వలలాగా. ఆ వలని కత్తిరించే ఎంజైము కూడా ఒంట్లోనే ఉంది. అది జోరందుకుంటే క్యాన్సర్ పాకడానికి దారి దొరుకుతుంది. ఉదయశంకర్ పని ఆ ఎంజైముని కనిపెట్టి ఉండడం. అంగిలి నుంచి నువ్వుగింజంత ముక్క తీసి, రుబ్బి, జెల్ అనే జిగురు పలకలో కరెంటుతో నడిపించి, నీలం రంగు వేస్తే, ఎంజైము ఉన్నచోట తెల్లటి గీత పడుతుంది. గీత ఎంత లావైతే ప్రమాదం అంత దగ్గర.

అయితే ఆ మనిషికి క్యాన్సర్ ఉందో లేదో చూడడం ప్రాజెక్టు లక్ష్యాల్లో లేదు. కణాలని చూసేది మరో విభాగం, దానికి మరో ఉపసంఘం. పైగా ముక్క సీసాలో పడగానే పేరు కొట్టేసి అంకె వెయ్యాలని నిబంధన. కాబట్టి ఉద్దానం ఆడవాళ్ళ నోళ్ళలో ఏం జరుగుతోందో ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఉదయశంకరే. ఎవరి నోట్లో జరుగుతోందో తెలుసుకోకూడని మనిషి కూడా ఆయనే. ఈ ఏర్పాటు ఆయనకి చాలాకాలం హాయిగానే ఉంది.

వారం వారం డెంటల్ డాక్టరు ప్రసూనతో కలిసి భావనపాడు అవతల ఒక పల్లెకి వెళ్ళేవాడు. ఆవిడ ముక్క తీస్తే, ఆయన దాన్ని చేపల ఐసు నింపిన థర్మోకోల్ పెట్టెలో పెట్టి పలాస తెచ్చేవాడు. బస్సులో పక్కవాళ్ళు ఏం చేప బాబూ అని అడిగేవారు. మొదట్లో ‘మానవ కణజాలం’ అని నిజం చెప్పాడు. కండక్టరు బస్సాపి దింపేశాక, చేపలనే చెప్పసాగాడు.

అలా రెండేళ్ళు గడిచాక ఉపసంఘం సభ్య కార్యదర్శి కూర్మనాథంగారికి ఒక అనుమానం వచ్చింది. పొగ కాల్చేవాళ్ళ ముక్కలు సరే, కాల్చనివాళ్ళ ముక్కలేవి? పోల్చి చూడ్డానికి కంట్రోళ్ళు లేకుండా ఇదేం పరిశోధన? అదే ప్రాంతపు ఆడవాళ్ళు, అదే వయసు, పొగ అలవాటు లేనివాళ్ళు తక్షణం కావాలి.

ఉదయశంకర్ పల్లెకి వెళ్ళి, కంట్రోళ్ళు కావాలని చెప్పాడు.

“కంట్రోలా? బియ్యంతోపాటు పంచదార కూడా ఇత్తారా బాబూ?” అంది సన్యాసమ్మ. ఆ పల్లెలో అందరికంటే ముందు నోరు తెరిచి ముక్క ఇచ్చిన మనిషి ఆమె. (కంట్రోలంటే అక్కడ రేషన్ షాపు.)

“అది కాదమ్మా. పొగ అలవాటు లేని ఆడవాళ్ళు.”

సన్యాసమ్మ పల్లె మొత్తాన్ని వేళ్ళమీద లెక్కపెట్టింది. “మా మనవరాలుంది. మొన్ననే నడక నేర్సింది.”

చివరికి కంట్రోలు ఆయన ఇంట్లోనే దొరికింది. టెక్కలిలో ఆయన పిన్ని మంగాదేవి ఉంది. రిటైరైన టీచరు. తెల్లారకుండా విష్ణుసహస్రనామం, సాయంత్రం గుళ్ళో పురాణం. పొగ సంగతి అటుంచి, ఇంట్లో అగరొత్తి ఎక్కువైతేనే దగ్గే మనిషి.

“నా నోరు తీసుకోరా శంకరం,” అంది. “ఇన్నాళ్ళూ పిల్లల మీద అరవడానికి తప్ప దేనికీ పనికి రాలేదు. దేశానికి పనికొస్తే సంతోషమే కదా.”

పొగతాగుతారా అన్న ప్రశ్నకి ఆవిడ గట్టిగా లేదంది. ప్రసూన ఆవిడ పైవరస కట్టుడుపళ్ళు తీయించి, టార్చి వేసి చూసి, ఇంకొంచెం దగ్గరికి వంగింది.

“ఇక్కడ తెల్లగా ఉందండీ. మధ్యలో ఎర్రటి చుక్కలు. పల్లెలో చూస్తున్నవి ఇలాంటివే.”

“పళ్ళసెట్టు రాపిడమ్మా,” అంది మంగాదేవి.

“రాపిడే,” అన్నాడు ఉదయశంకర్, పరీక్షగా చూడకుండానే. ఆ ప్రాజెక్టు మొత్తంలో ఇంత త్వరగా తేలిన విషయం మరొకటి లేదు.

పది రోజుల తర్వాత జెల్ మీద పిన్నిగారి గీత పడింది. (ఉన్న కంట్రోలు ఒక్కరే కాబట్టి, అంకె వేసినా ఎవరిదో తెలిసిపోతుంది.) సుద్దముక్క అడ్డంగా పెట్టి గీసినంత లావుగా పడింది. ఉదయశంకర్ ముందు కరెంటుని అనుమానించాడు. తర్వాత ఫ్రీజరుని, జెల్‌ని, తన చేతిని, జీడిపప్పు బట్టీల పొగని వరసగా అనుమానించాడు. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే వచ్చింది. పిన్నిని అనుమానించాలన్న ఆలోచన ఆయనకి తట్టలేదు. శాస్త్రీయ దృక్పథానికీ ఇంటి మర్యాదలకీ హద్దులుంటాయి.

కూర్మనాథంగారికి ఫోన్ చేశాడు.

“లెక్కకి అందని కేసు. తీసెయ్యండి,” అన్నారాయన.

“ఆవిడ మా పిన్నండీ.”

“మరీ మంచిది. ఏమీ అనుకోరు. ఇంకో పిన్ని లేరా?”

ఇంకో పిన్ని లేకపోవడం వల్ల, ఇంకో ముక్క అడుగుదామని ఉదయశంకర్ మధ్యాహ్నం బస్సుకి టెక్కలి వెళ్ళాడు. వీధి తలుపు తీసే ఉంది. పిలిచాడు. పలకలేదు. పెరట్లోకి వెళ్ళి చూస్తే, మంగాదేవి బట్టలుతికే రాయి మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. పెదాలు బిగించి ఉన్నాయి. వాటి మధ్య నుంచి చుట్ట మొదలు వేలెడు బయటికి ఉంది. ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆవిడ తాపీగా చుట్ట బయటికి తీసి, నీళ్ళ చెంబులో ముంచింది.

“ఎప్పట్నుంచి పిన్నీ?”

“ఉద్యోగంలో చేరిన కొత్తలో. సముద్రపొడ్డు బళ్ళో వేసేరు. ఒక్కత్తినీ. మీ బాబాయేమో అనకాపల్లిలో. సాయంత్రమయ్యేసరికి ఆ హోరుకి భయమేసేది. ఆ ఆడవాళ్ళే నేర్పేరు.”

“పొగతాగుతావా అని అడిగితే లేదన్నావు!”

“తాగుతావా అనడిగేవు. తాగేది మగాళ్ళురా. నేను అడ్డపొగ పెట్టుకుంటాను. పెట్టుకుంటావా అనడిగేవా?”

ప్రశ్నావళిని తయారుచేసింది ఉదయశంకరే. దాన్ని ముగ్గురు ప్రొఫెసర్లు ఆమోదించారు. ఆయనకి నవ్వొచ్చింది. సగం నవ్వులో ఆ లావు గీత గుర్తొచ్చి, నవ్వు ఆగిపోయింది. అన్నాళ్ళూ ఆ గీతలు ఆయనకి గీతలే. మొదటిసారి ఒక గీత చిక్కుళ్ళు ఒలుస్తూ ఎదురుగా కూర్చుంది.

“పిన్నీ, ఒకసారి నోరు తెరువు,” అన్నాడు. ఆవిడ గడ్డం పట్టుకున్నాడు.

“ఏట్రా, అలాగైపోతన్నావు?”

ఆ వారమే నిబంధనలని పక్కన పెట్టి, అంటే తుంగలో తొక్కి, ప్రసూన చేత మరో ముక్క తీయించి, అంకె వెయ్యకుండా పూర్తి పేరూ ఇంటిపేరూ రాసి, మామూలు రోగులు నిలబడే వరసలో నిలబడి విశాఖ ఆస్పత్రిలో ఇచ్చాడు. ఎనిమిది కోట్ల రాష్ట్ర జనాభాకి ఉపయోగపడబోయే శాస్త్రవేత్తని వెనకున్నాయన ‘ముందుకి జరగవయ్యా’ అన్నాడు. జరిగాడు. ఫలితం వచ్చింది. క్యాన్సరే. తొలిదశ. వెంటనే కోసేస్తే బతుకుతుందన్నారు. కోసేశారు.

అంగిలి కోసెయ్యడంతో, ఆస్పత్రి మంచం మీద మంగాదేవి ముక్కుతో మాట్లాడుతూ అడిగింది. “మరి ఆ పల్లె ఆడవాళ్ళకి చెప్పేవా?”

“చెప్పకూడదు పిన్నీ. వాళ్ళకి పేర్లుండవు, అంకెలుంటాయి.”

“నాకూ అంకె వేసేవుగా?”

“నువ్వు మా పిన్నివి.”

“వాళ్ళు ఎవరికీ పిన్నులు కారేటి?”

ఉదయశంకర్ ఆస్పత్రి నుంచి తిన్నగా సంస్థకి వెళ్ళాడు. ఏ అంకె ఎవరిదో రాసి కూర్మనాథంగారి బీరువాలో దాచిన జాబితా కావాలని అడిగాడు. దానికి ఉపసంఘం తీర్మానం కావాలి, ఉపసంఘానికి కోరం లేదు. అప్పుడు తెలిసిందేమిటంటే ప్రసూనకి జాబితాతో పని లేదని. ఏ అంకె ఏ నోరో, ఆ నోరు ఎవరిదో ఆవిడకి గుర్తుంది. (నిబంధనలు రాసినవారు డెంటల్ డాక్టర్లకి జ్ఞాపకశక్తి ఉంటుందని ఊహించలేదు.)

బాగా లావు గీతలున్న ముగ్గురి కోసం ఇద్దరూ పల్లెకి వెళ్ళారు. వలలు బాగుచేసుకుంటున్న అప్పలరాజు, సన్యాసమ్మ మొగుడు, వాళ్ళని చూసి లేచాడు.

“ఏటి బాబూ, అప్పుడట్టుకెళ్ళిన ముక్కలు తిరిగిచ్చేత్తన్నారేటి?”

ఉదయశంకర్ ఇసకలో కూర్చుని, వచ్చిన పని చెప్పాడు. జెల్ గురించి మొదలుపెట్టి, మధ్యలో మానేసి, “సన్యాసమ్మా, నీ నోట్లో పుండు మంచిది కాదు. విశాఖ రావాలి,” అన్నాడు. సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“రెండేళ్ళయింది గదా బాబూ. ఇన్నాళ్ళూ ఏటి సూత్తన్నారు?”

ఎంజైముని చూస్తున్నామని చెప్పే బదులు, ఉదయశంకర్ విశాఖ బస్సు వేళలు చెప్పాడు.

సన్యాసమ్మతోపాటు నీలవేణి అనే ఇంకొకావిడ కూడా వస్తానంది. మిగిలింది అసిరమ్మ. ఇన్నాళ్ళ జెల్‌లన్నిటిలోకీ లావు గీత ఆవిడదే. అంత స్పష్టమైన గీత దేశంలోనే రాలేదని, కిందటేడు హైదరాబాద్ సదస్సులో ఉదయశంకర్ దాన్ని తెరమీద వేస్తే చప్పట్లు కొట్టారు.

“అసిరమ్మ ఇల్లెక్కడ?”

“అసిరమ్మేది బాబూ,” అన్నాడు అప్పలరాజు. “కిందటి కార్తీకంలో పోయింది. ఆకర్న గంజి కూడా దిగలేదు.”

తిరిగి రాగానే ఉదయశంకర్ మేడెక్కి ఫ్రీజరు తెరిచాడు. పలాసలో కరెంటు ఉంది, ఫ్రీజరు చక్కగా నడుస్తోంది. అసిరమ్మ ముక్క అందులో భద్రంగా ఉంది.

సన్యాసమ్మకీ నీలవేణికీ ఆపరేషన్లు జరిగాయి. సన్యాసమ్మ మాట సగం పోయింది, మనిషి దక్కింది. ఈ కబురు చేరగానే ఉపసంఘానికి కోరం కుదిరింది. నెల తిరక్కుండా సంజాయిషీ నోటీసు వచ్చింది. సమ్మతి పత్రం నాలుగో పేరాలో ‘ఈ పరిశోధన వల్ల మీకు నేరుగా ఎటువంటి ప్రయోజనమూ కలగదు’ అని పాల్గొన్నవారందరికీ సంస్థ తరఫున మాటిచ్చారనీ, మంగాదేవితో కలిపి ముగ్గురు మహిళల విషయంలో ఆ మాట తప్పారనీ, ఎందుకు చర్య తీసుకోకూడదో వారంలోగా తెలపాలనీ అందులో ఉంది.

ఉదయశంకర్ ఆ రోజే జవాబు రాశాడు. ఆరోపణ నిజమేనని, ముగ్గురి విషయంలోనూ తప్పు పూర్తిగా తనదేనని ఒప్పుకున్నాడు. కింద, దయతో పరిశీలించవలసిందిగా కోరుతూ, ఒక వాక్యం చేర్చాడు: “అసిరమ్మ అనే మహిళ విషయంలో మాత్రం సంస్థ ఇచ్చిన మాటని అక్షరాలా నిలబెట్టుకున్నామని మనవి.”